ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం ఎమర్జెన్సీ: తాజా సమాచారం, చర్చ అంతా ఇక్కడే

నిర్వాహకుడు
2011 మార్చి 11, రాత్రి 8:10

భూకంపం థ్రెడ్‌లో అణు కేంద్రం కబుర్లు కలిసిపోయి ఎవరికీ ఏదీ దొరకడం లేదు. అందుకే ఇది వేరుగా తెరుస్తున్నాను.

ఇప్పటికి తెలిసింది ఇంతే. మధ్యాహ్నం 2:46కి భూకంపం రాగానే ఫుకుషిమా దాయిచీలో నడుస్తున్న 1, 2, 3 రియాక్టర్లు వాటంతటవే ఆగిపోయాయి. 4, 5, 6 తనిఖీల కోసం ముందునుంచే ఆపి ఉన్నాయి. తర్వాత సునామీ వచ్చింది. రాత్రి 7:03కి ప్రభుత్వం అణు అత్యవసర పరిస్థితి ప్రకటించింది. దానికి దక్షిణంగా ఫుకుషిమా దాయినీ అని ఇంకో కేంద్రం ఉంది, రెండిటినీ కలిపేయకండి.

టైము జపాన్‌దే రాయండి. ఎవరు చెప్పారో రాయండి. "మా ఫ్రెండుకి తెలిసినాయన అన్నాడు" లాంటివి తీసేస్తాను, తర్వాత నాతో గొడవ వద్దు.

సందేహాలపుట్ట
మార్చి 11, రాత్రి 8:22

రియాక్టర్లు ఆగిపోయాయి అని మీరే రాశారు. ఆగిపోయినదానికి ఎమర్జెన్సీ ఏమిటండీ?

ఆవిరిగుండం
మార్చి 11, రాత్రి 8:41

మంచి ప్రశ్న. నేను పనిచేసింది బొగ్గు ప్లాంటులో. బొగ్గు వేయడం ఆపితే బాయిలర్ మెల్లగా చల్లారిపోతుంది. యురేనియం అలా కాదు. విచ్ఛిత్తి (పరమాణువులు చీలడం) ఆగినా, అప్పటికే పుట్టిన రేడియోధార్మిక పదార్థాలు వేడి పుట్టిస్తూనే ఉంటాయి. ఆపిన క్షణంలో ఆ వేడి మొత్తంలో 6, 7 శాతం ఉంటుంది. గంటకి ఒకటిన్నర శాతం దాకా పడుతుంది, రోజు గడిచాక అర శాతం చిల్లర. శాతాలు చూసి చిన్నదనుకోవద్దు. 1వ రియాక్టర్ పూర్తి వేడి 1380 మెగావాట్లు. అందులో ఒకటిన్నర శాతమంటే 20 మెగావాట్లు. దాన్ని నీళ్ళు ఎప్పటికప్పుడు మోసుకుపోవాలి. నీళ్ళు కదలాలంటే పంపు కావాలి, పంపుకి కరెంటు కావాలి.

బయటి లైన్లు భూకంపానికి పోయాయి. డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి కానీ సునామీ తర్వాత అవీ ఆగాయి. మిగిలింది బ్యాటరీలు. అవి కొన్ని గంటల సరుకు. అందుకని నేను రెండే చూస్తున్నాను: కరెంటు వచ్చిందా, నీళ్ళు లోపలికి పోతున్నాయా. మిగతా వార్తలన్నీ వాటి తర్వాతే.

భయంలేనోడు
మార్చి 11, రాత్రి 9:02

జపాన్ వాళ్ళు సార్. భూకంపాలతోనే పుట్టి పెరిగినవాళ్ళు. జనరేటర్ ట్రక్కులు బయల్దేరాయని జపాన్ టీవీ ఎన్‌హెచ్‌కేలో చెబుతున్నారు. తెల్లారేసరికి సర్దుకుంటుంది, అనవసరంగా టెన్షన్ పడకండి.

టోక్యోలో_ఒకడు
మార్చి 11, రాత్రి 9:50

ఆఫీసులోనే ఇరుక్కున్నాను. ట్రైన్లు లేవు. కిటికీలోంచి చూస్తే రోడ్డు పొడుగునా జనం, అందరూ ఇళ్ళకు నడిచి పోతున్నారు. ఫోన్లు కలవడం లేదు, నెట్ మాత్రం పనిచేస్తోంది.

టీవీలో ఇప్పుడే: కేంద్రం చుట్టూ 3 కిలోమీటర్ల లోపు ఖాళీ చేయాలి, 10 కిలోమీటర్ల లోపు వాళ్ళు ఇళ్ళలోంచి బయటికి రాకూడదు. చెప్పింది కేబినెట్ కార్యదర్శి ఎదానో. ఇది ముందుజాగ్రత్త మాత్రమేనట.

పత్రికచూపు
మార్చి 12, తెల్లవారుజాము 3:25

1వ రియాక్టర్ కంటైన్‌మెంట్‌లో (రియాక్టర్ పాత్ర చుట్టూ ఉండే గట్టి కవచం) ప్రెషర్ డిజైన్ హద్దు దాటింది. ఆవిరి బయటికి వదలబోతున్నామని ప్రభుత్వం, కేంద్రాన్ని నడిపే కంపెనీ టెప్కో ప్రెస్‌మీట్‌లో చెప్పారు. కొంత రేడియేషన్ బయటికి వస్తుందని వాళ్ళే ఒప్పుకున్నారు.

సందేహాలపుట్ట
మార్చి 12, తెల్లవారుజాము 3:40

అంటే కుక్కర్ వెయిట్ ఎత్తినట్టా?

ఆవిరిగుండం
మార్చి 12, తెల్లవారుజాము 3:58

అలాగే, కాకపోతే ఇక్కడ వెయిట్ ఎత్తడానికి కరెంటు లేదు. మామూలుగా కంట్రోల్ రూములోంచి తెరిచే వాల్వులు అవి. ఇప్పుడు మనిషే వెళ్ళి చేత్తో తిప్పాలి. లోపల చీకటి, పైగా రేడియేషన్ పెరుగుతోంది. వదులుతామని చెప్పడానికీ వదలడానికీ మధ్య ఎన్ని గంటలు పడుతుందో చూడాలి.

పత్రికచూపు
మార్చి 12, ఉదయం 7:30

5:44కి ఖాళీ చేయాల్సిన దూరం 10 కిలోమీటర్లకు పెంచారు. ప్రధాని నావోతో కాన్ హెలికాప్టర్‌లో నేరుగా కేంద్రానికే వెళ్ళారు. ఆవిరి వదిలిన వార్త ఇంకా రాలేదు.

పత్రికచూపు
మార్చి 12, మధ్యాహ్నం 2:35

అణు భద్రతా సంస్థ ప్రెస్‌మీట్: 1వ రియాక్టర్ దగ్గర సీజియం కనిపించిందట. ఇంధనం కరుగుతూ ఉండవచ్చని అక్కడి అధికారి అన్నారు.

ఆవిరిగుండం
మార్చి 12, మధ్యాహ్నం 2:50

సీజియం ఇంధనపు గొట్టాల లోపల ఉండాల్సింది. బయట కనిపించిందంటే గొట్టాలు దెబ్బతిన్నాయి. ఎంతవరకు అన్నది వేరే సంగతి. రాత్రంతా విన్నవాటిలో నాకు బరువుగా తోచిన వార్త ఇదొక్కటే.

టోక్యోలో_ఒకడు
మార్చి 12, సాయంత్రం 4:55

ఎవరైనా టీవీ చూస్తున్నారా??? 1వ రియాక్టర్ భవనం పేలిపోయింది. 3:36కి జరిగిందట, వీడియో ఇప్పుడు వేస్తున్నారు. తెల్లటి పొగ పక్కలకి ఎగజిమ్మింది. పొగ తేలాక చూస్తే పైభాగం గోడలు లేవు, ఇనుప ఫ్రేము ఒక్కటే నిలబడి ఉంది.

సందేహాలపుట్ట
మార్చి 12, సాయంత్రం 4:58

ఇది చెర్నోబిలేనా?

తీరవాసి
మార్చి 12, సాయంత్రం 5:01

అయిపోయింది. వాళ్ళు అన్నీ దాస్తున్నారు. గంట పైన అయ్యింది, ఒక్కడు నోరు విప్పలేదు.

ఆవిరిగుండం
మార్చి 12, సాయంత్రం 5:20

ఆగండి. చెర్నోబిల్‌లో నడుస్తున్న రియాక్టరే పేలింది, పైన గట్టి కంటైన్‌మెంట్ లేదు. ఇక్కడ విచ్ఛిత్తి నిన్ననే ఆగింది. ఇంధనపు గొట్టాలు జిర్కోనియంతో చేస్తారు. అది బాగా వేడెక్కి ఆవిరి తగిలితే హైడ్రోజన్ పుడుతుంది. ఆ హైడ్రోజన్ భవనం పైకప్పు కింద చేరి అంటుకుంటే సరిగ్గా ఇలాగే పైభాగం ఎగిరిపోతుంది. కింద ఉన్న ఉక్కు పాత్ర, కంటైన్‌మెంట్ నిలిచాయా లేదా అన్నదే అసలు ప్రశ్న. నిలిస్తే వాటి ప్రెషర్ రీడింగ్ వస్తూనే ఉండాలి. అది ఎవరైనా చెబుతారేమో వినండి.

పత్రికచూపు
మార్చి 12, రాత్రి 9:05

ఎదానో ప్రెస్‌మీట్ అయ్యింది. పేలింది హైడ్రోజనే, కంటైన్‌మెంట్ దెబ్బతినలేదు అన్నారు. సముద్రపు నీళ్ళు, వాటిలో విచ్ఛిత్తి మళ్ళీ మొదలవకుండా బోరిక్ యాసిడ్ కలిపి రియాక్టర్‌లోకి పంపిస్తున్నారు. ఖాళీ చేయాల్సిన దూరం 6:25 నుంచి 20 కిలోమీటర్లు.

ఆవిరిగుండం
మార్చి 12, రాత్రి 9:30

ఉప్పునీళ్ళు పోశారంటే ఆ రియాక్టర్ మీద ఆశ వదిలేసుకున్నట్టే. 1971లో మొదలైన యంత్రం, ఇక మళ్ళీ నడవదు.

నిర్వాహకుడు
మార్చి 14, ఉదయం 10:15

బీబీసీ పేరుతో ఒక ఎస్సెమ్మెస్ తిరుగుతోంది. ఆసియా అంతా యాసిడ్ వాన పడుతుందని, మెడకు బెటడిన్ రాసుకోమని. అది తమది కాదని బీబీసీ వాళ్ళే చెప్పారు. ఇక్కడ అతికిస్తే పోస్టు తీసేస్తాను.

టోక్యోలో_ఒకడు
మార్చి 14, ఉదయం 11:25

11:01కి 3వ రియాక్టర్ భవనం పేలింది. ఈసారి నల్లటి పొగ, నిట్టనిలువుగా పైకి లేచింది. శనివారం చూసినదాని కన్నా చాలా పెద్దది. గాయపడినవాళ్ళు ఉన్నారంటున్నారు.

తీరవాసి
మార్చి 14, మధ్యాహ్నం 12:10

3లో ప్లుటోనియం కూడా ఉందట కదా?

ఆవిరిగుండం
మార్చి 14, మధ్యాహ్నం 12:32

ఉంది. 548 ఇంధన కట్టల్లో 32 ప్లుటోనియం కలిపినవి. మామూలు యురేనియం కట్టల్లోనూ నడిచేకొద్దీ ప్లుటోనియం పుడుతుంది కాబట్టి మిగతావాటిలో లేదని కాదు. అది బరువైన పదార్థం. అయోడిన్, సీజియంలాగా గాలిలో దూరం పోదు. ఈ పూట నా దిగులు 2వ దాని గురించి. ఇన్నాళ్ళూ అక్కడ రియాక్టర్ ఆవిరితోనే తిరిగే ఒక పంపు నీళ్ళు తోస్తూ వచ్చింది. బ్యాటరీలు పోయాక కూడా ఆగలేదు. కానీ అది ఎల్లకాలం తిరిగేది కాదు.

పత్రికచూపు
మార్చి 14, రాత్రి 9:15

2వ రియాక్టర్‌లో ఆ పంపు మధ్యాహ్నమే ఆగింది. సాయంత్రం ఇంధనం పూర్తిగా నీటి పైకి తేలింది. ఫైరింజన్‌తో సముద్రపు నీళ్ళు పంపబోతే దాంట్లో డీజిల్ అయిపోయిందట.

సందేహాలపుట్ట
మార్చి 14, రాత్రి 9:20

డీజిల్ అయిపోయిందా??

ఆవిరిగుండం
మార్చి 14, రాత్రి 9:44

చుట్టూ పేలుడు శిథిలాలు. వాటి రేడియేషన్ వల్ల మనుషులు బండి పక్కన నిలబడలేరు. మధ్యమధ్యలో వచ్చి చూసిపోవాలి. అలా చూసే లోపు అయిపోయి ఉంటుంది.

టోక్యోలో_ఒకడు
మార్చి 14, రాత్రి 10:30

ఇక్కడ ఈ రోజు నుంచి ప్రాంతాల్ని గ్రూపులుగా చేసి కరెంటు కోతలు. పశ్చిమ జపాన్‌లో కరెంటు పుష్కలంగా ఉన్నా ఇటు తేలేరట. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. మధ్యలో మార్చే స్టేషన్ల సామర్థ్యం వెయ్యి మెగావాట్ల చుట్టూనే. ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉంటున్నా ఈ సంగతి ఇప్పుడే తెలిసింది. షాపుల్లో బ్యాటరీలు, మంచినీళ్ళ సీసాలు, బ్రెడ్డు ఖాళీ.

టోక్యోలో_ఒకడు
మార్చి 15, ఉదయం 11:30

పొద్దున 6 దాటాక 2వ రియాక్టర్‌లో ఏదో శబ్దం, కింది చాంబర్‌లో ప్రెషర్ పడిపోయింది. ఆపి ఉన్న 4వ దాంట్లో కూడా పేలుడు, మంటలు. 20 నుంచి 30 కిలోమీటర్ల మధ్య వాళ్ళు ఇళ్ళలోనే ఉండాలట. ఎదానో చదివిన రీడింగ్ 3వ రియాక్టర్ దగ్గర గంటకి 400 మిల్లీ సీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత). ఇప్పటిదాకా చెప్పింది మైక్రో, ఇది మిల్లీ అని ఆయనే నొక్కి చెప్పాడు. కొద్దిమందిని ఉంచి మిగతా ఉద్యోగుల్ని పంపించేశారు.

ఎక్స్‌రేగది
మార్చి 15, మధ్యాహ్నం 12:05

మిల్లీకీ మైక్రోకీ వెయ్యి రెట్లు తేడా కాబట్టి ఒకసారి చూసి చదవండి. ప్రకృతి నుంచే మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీ వస్తుంది. ఛాతీ సీటీ స్కాన్ 7 దాకా. గంటకి 400 ఉన్న చోట పావుగంట నిలబడితే 100. అత్యవసర పనిలో ఉన్నవాళ్ళకి ఇప్పటిదాకా మొత్తం పరిమితే 100.

అయితే ఈ రీడింగ్ ఆ ఒక్క చోటుది, ఆ ఒక్క క్షణానిది. శిథిలం ముక్క పక్కన కొలిస్తే ఒకటి, పది మీటర్ల అవతల ఇంకొకటి. దాన్ని తెచ్చి టోక్యోకి అంటగట్టకండి.

టోక్యోలో_ఒకడు
మార్చి 15, మధ్యాహ్నం 3:40

టోక్యోలో ఈ ఉదయం గంటకి 0.8 మైక్రో దాకా వెళ్ళి దిగిందట. గాలి ఇటు వీచింది. డాక్టర్ గారూ, నాకు రెండేళ్ళ పాప ఉంది. సూటిగా చెప్పండి, ఉండొచ్చా?

ఎక్స్‌రేగది
మార్చి 15, సాయంత్రం 4:15

నేను డాక్టర్ని కాదండీ, టెక్నీషియన్ని. లెక్క చెప్పగలను. ఆ 0.8 రోజంతా అలాగే ఉన్నా 20 మైక్రోలు కూడా కాదు, ఒక ఛాతీ ఎక్స్‌రే కన్నా తక్కువ. కానీ అది ఇవాళ్టి లెక్క. రేపు అక్కడ ఏం జరుగుతుందో ఈ లెక్క చెప్పలేదు. ఒసాకాలో మనవాళ్ళెవరైనా ఉంటే పాపని, తల్లిని కొన్నాళ్ళు పంపండి. అలా చేసినందుకు ఎవరూ మిమ్మల్ని పిరికివాడు అనరు.

ఇంకొకటి. అయోడిన్ ఉందని గొంతు పుక్కిలించే మందు తాగుతున్నారట. తాగకండి. అందులో వేరే రసాయనాలుంటాయి, థైరాయిడ్‌ని కాపాడేంత అయోడిన్ ఉండదు. జపాన్ రేడియాలజీ సంస్థ కూడా ఇదే చెప్పింది.

భయంలేనోడు
మార్చి 15, సాయంత్రం 5:00

అందరూ అలా బయల్దేరితే రోడ్ల మీద పోయేవాళ్ళే ఎక్కువవుతారు. 20 కిలోమీటర్ల లోపు ఆసుపత్రులు ఉన్నాయి, సెలైన్ మీద ఉన్న ముసలివాళ్ళు ఉన్నారు. వాళ్ళని బస్సుల్లో కుక్కి గంటలకొద్దీ తిప్పితే రేడియేషన్ అక్కర్లేదు చావడానికి. ఈ సంగతి ఒక్కరూ మాట్లాడరేం?

ఎక్స్‌రేగది
మార్చి 15, సాయంత్రం 5:25

ఈ మాట నిజం. తరలింపు కూడా డోసు ఉన్న మందే.

పత్రికచూపు
మార్చి 17, ఉదయం 10:40

సైన్యం చినూక్ హెలికాప్టర్లు 3వ రియాక్టర్ మీద నీళ్ళు పోశాయి. నాలుగు సార్లు, ఒక్కోసారి 7.5 టన్నులు. నిన్న రేడియేషన్ ఎక్కువగా ఉందని వెనక్కి వెళ్ళినవే. టీవీలో చూస్తే సగం నీళ్ళు గాలికే పోయాయి.

అమెరికా అణు నియంత్రణ సంస్థ ఛైర్మన్ యాజ్కో అయితే 4వ దాని ఇంధన కొలనులో (వాడిన ఇంధనాన్ని నీళ్ళలో ముంచి ఉంచే చోటు) నీళ్ళే లేవని వాళ్ళ కాంగ్రెస్‌లో చెప్పాడు. అమెరికన్లని 80 కిలోమీటర్ల అవతలికి వెళ్ళమన్నారు. టెప్కో నీళ్ళున్నాయంటోంది.

సందేహాలపుట్ట
మార్చి 17, ఉదయం 11:02

జపాన్ వాళ్ళకి 20, అమెరికన్లకి 80. మనిషిని బట్టి రేడియేషన్ మారుతుందా?

ఆవిరిగుండం
మార్చి 17, ఉదయం 11:45

మారేది అంచనా. 4వ కొలనులో 1,535 కట్టలున్నాయి. రియాక్టర్‌లోది మొత్తం తీసి అక్కడే పెట్టారు కాబట్టి మిగతా కొలనుల కన్నా వేడెక్కువ. పైన ఇప్పుడు కప్పు లేదు. నీళ్ళు నిజంగా లేకపోతే 80 సబబే, ఉంటే 20 సరిపోవచ్చు. ఎవరూ దగ్గరికెళ్ళి తొంగిచూడలేరు. చూడలేని కొలను గురించి రెండు ప్రభుత్వాలు రెండు మాటలు చెబుతున్నాయి, మనం ఇక్కడ కూర్చుని తేల్చలేం.

పత్రికచూపు
మార్చి 23, సాయంత్రం 6:20

వారం రోజులవి కలిపి రాస్తున్నాను. 18న ప్రమాద స్థాయి (7 వరకు ఉండే అంతర్జాతీయ కొలత) 5కి పెంచారు. 20న 5, 6 రియాక్టర్లు పూర్తిగా చల్లబడ్డాయి. 6వ దాని గాలితో చల్లబడే జనరేటర్ ఒకటి సునామీకి చావలేదు, రెండిటినీ అదే కాపాడింది. నిన్నటి నుంచి 4వ కొలనుకి 58 మీటర్ల చేయి ఉన్న కాంక్రీటు పంపు బండితో నీళ్ళు పోస్తున్నారు. హెలికాప్టర్ల కన్నా ఇదే పనికొచ్చింది. నిన్న రాత్రి 3వ కంట్రోల్ రూములో లైట్లు వెలిగాయి.

ఇవాళ టోక్యో కుళాయి నీళ్ళలో లీటరుకి 210 బెకరెల్స్ (రేడియోధార్మికత కొలత) రేడియోధార్మిక అయోడిన్. పసిపిల్లల హద్దు 100, పెద్దవాళ్ళది 300.

టోక్యోలో_ఒకడు
మార్చి 23, రాత్రి 8:00

పాప ఒసాకాలో ఉంది. నేను కుళాయి నీళ్ళే తాగుతున్నాను.

తీరవాసి
మార్చి 31, రాత్రి 9:30

ఈతాతే అనే ఊరి సంగతి చూశారా? కేంద్రానికి 40 కిలోమీటర్ల దూరం, వాయవ్యంగా. ఖాళీ చేయమని ఎవరూ చెప్పలేదు. అక్కడి మట్టిలో కొలిచిన రేడియేషన్ తమ హద్దు దాటిందని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిన్న చెప్పింది. కంపాస్ పెట్టి గుండ్రంగా గీసుకున్నారు, గాలి ఎటు వీచిందో, వాన ఎక్కడ పడిందో చూసుకోవద్దా?

భయంలేనోడు
మార్చి 31, రాత్రి 10:10

మొదటి రోజు గాలి లెక్కలు చూసుకునే టైమెక్కడిది? గీత గీయడమే నయం.

తీరవాసి
మార్చి 31, రాత్రి 10:24

మొదటి రోజు సరే. ఇప్పటికి ఇరవై రోజులైంది.

పత్రికచూపు
ఏప్రిల్ 12, మధ్యాహ్నం 1:00

స్థాయి 7. చెర్నోబిల్ తర్వాత ఇదొక్కటే. బయటికి వచ్చింది మాత్రం అప్పటిదాంట్లో పదో వంతు అంటున్నారు.

సందేహాలపుట్ట
ఏప్రిల్ 30, సాయంత్రం 7:15

ఆవిరిగుండం గారూ, ఒకటి అడగాలి. రోజూ టెప్కో పెట్టే పట్టిక నేనూ చూస్తున్నాను. 1వ రియాక్టర్‌లో నీటిమట్టం ఇంధనం పై అంచుకి మీటరున్నర పైచిలుకు కింద అని ఎన్ని రోజులుగానో అదే ఉంది. మొన్న నీళ్ళు పెంచారు కదా. అయినా అది ఉన్నచోటే ఉంది. నీళ్ళు ఎక్కువ పోస్తే మట్టం పెరగొద్దా? ఇది తెలివితక్కువ ప్రశ్న అయితే వదిలేయండి.

ఆవిరిగుండం
ఏప్రిల్ 30, రాత్రి 9:10

తెలివితక్కువది కాదు, నన్నూ అదే తొలుస్తోంది. ఆ మీటరు నీటిని నేరుగా చూడదు. పక్కన ఒక సన్నటి గొట్టంలో ఎప్పుడూ ఒకే ఎత్తులో నీళ్ళు ఉంటాయి. ఆ నీటి బరువుకీ రియాక్టర్‌లో నీటి బరువుకీ తేడా కొలిచి మట్టం చెబుతుంది. కంటైన్‌మెంట్ అంత వేడెక్కినప్పుడు ఆ గొట్టంలో నీళ్ళు కూడా ఆవిరై ఉంటే? అప్పుడు లోపల నీళ్ళు లేకపోయినా మీటరు ఉన్నట్టే చూపిస్తుంది. మనుషులు లోపలికెళ్ళి మీటరు సరిచేసేదాకా ఆ గడిలో ఉన్న సంఖ్యని నేను లెక్కలోకి తీసుకోను.

భయంలేనోడు
ఏప్రిల్ 30, రాత్రి 9:40

మీటర్లన్నీ అబద్ధమంటే ఇక దేన్ని నమ్మాలండీ?

ఆవిరిగుండం
ఏప్రిల్ 30, రాత్రి 10:05

అన్నీ అనలేదు. పాత్ర ఉష్ణోగ్రత నమ్మొచ్చు, అది చాలా చోట్ల కొలుస్తున్నారు, ఒకదానితో ఒకటి సరిపోతోంది. ఈ ఒక్కటి దేనితోనూ సరిపోవడం లేదు.

పత్రికచూపు
మే 12, రాత్రి 8:30

కార్మికులు 1వ రియాక్టర్ భవనంలోకి వెళ్ళి మీటరు సరిచేశారు. నీటిమట్టం ఇంధనం పై అంచుకి 5 మీటర్ల కన్నా కిందే ఉంది. ఇంధనం పొడుగు సుమారు 4 మీటర్లు. అంటే ఇంధనం ఉండాల్సిన చోట నీళ్ళే లేవు.

సందేహాలపుట్ట
మే 12, రాత్రి 8:41

అయితే ఇంధనం?

ఆవిరిగుండం
మే 12, రాత్రి 9:00

ఉండాల్సిన చోట లేదు. కరిగి పాత్ర అడుక్కి చేరి ఉంటుంది. అడుగున కొన్ని నీళ్ళు తగులుతున్నాయి కాబట్టే ఉష్ణోగ్రతలు అదుపులో ఉన్నాయి.

పత్రికచూపు
మే 16, ఉదయం 9:20

టెప్కో లెక్క వచ్చింది. 1వ రియాక్టర్‌లో ఇంధనం చాలావరకు మార్చి 12 ఉదయం 6:50కే కరిగి అడుక్కి పడిపోయిందట. భూకంపం వచ్చిన 16 గంటల్లో.

టోక్యోలో_ఒకడు
మే 16, ఉదయం 9:50

అంటే ప్రధాని హెలికాప్టర్ అక్కడ దిగకముందే. మనం ఇక్కడ ఆవిరి ఎప్పుడు వదులుతారా అని చూస్తున్నప్పటికే.

ఆవిరిగుండం
మే 16, ఉదయం 10:30

అవును. బ్యాటరీలు ఎనిమిది గంటలు అని మొదటి రాత్రి అందరూ లెక్కేశారు. 1వ దాంట్లో సునామీతోనే బ్యాటరీలు కూడా మునిగాయి, చల్లబరిచే ఏర్పాటు దాదాపు అప్పుడే ఆగింది. కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్ళకే మీటర్లు చీకట్లో ఉన్నాయి. కార్ల బ్యాటరీలు పీకి తెచ్చి వైర్లు తగిలించి ఒక్కో మీటరూ వెలిగించారు. అలా వెలిగించి చదివిన మట్టం కూడా తప్పుదే. 2, 3 సంగతి కూడా ఇలాగే తేలుతుందని నా అనుమానం.

సందేహాలపుట్ట
మే 16, ఉదయం 11:05

ఇంకొక్కటి. రెండు నెలలుగా పోస్తున్న నీళ్ళు పాత్రలో నిలవలేదు కదా. మరి ఎక్కడికి పోయాయి?

పత్రికచూపు
మే 16, ఉదయం 11:20

1వ రియాక్టర్ భవనం కింది అంతస్తులో 4 మీటర్ల లోతు నీళ్ళు కనిపించాయి. సుమారు 3 వేల టన్నులని అంచనా.

నిర్వాహకుడు
మే 16, మధ్యాహ్నం 12:00

నీళ్ళ గురించి వేరే థ్రెడ్ తెరిచాను. లీకులు, ట్యాంకులు, సముద్రంలోకి వదిలినవి అన్నీ అక్కడ రాయండి. ఇది పొడుగైపోయింది, లాక్ చేస్తున్నాను.